46 పెన్నులకి పెట్టెలు, పెన్నుకి 60 రూపాయల్లో: ప్రాజెక్టు డైరీ

మీ దగ్గర ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులుంటే ముందు దశ 2 చదవండి. వడ్రంగి చేత పెట్టె చేయించే ఆలోచన ఉంటే దశ 4. మిగతాది తీరిగ్గా చూసుకోవచ్చు. పెన్నులంటే నాకెంత ఇష్టమో ఇక్కడ రాయడం లేదు, 46 ఉన్నాయంటేనే తెలిసిపోతుంది.

అనుకున్న ఖర్చు పెన్నుకి రూ. 60, అంటే మొత్తం రూ. 2,760. ఇల్లు రాజమండ్రిలో, గోదావరి గట్టుకి నాలుగు వీధుల ఇవతల. వర్షాకాలంలో అప్పడాలు డబ్బాలోనే మెత్తబడే ఊరు కాబట్టి చెమ్మ కూడా లెక్కలోకి వస్తుంది.

దశ 0 (ఫిబ్రవరి): కొలతలు

పెట్టె చూడకముందే పెన్నులన్నీ మంచం మీద పరిచి వెర్నియర్‌తో కొలిచాను. ఈ ఒక్క పని మాత్రం మొదటిసారే సరిగ్గా చేశాను.

1. ఎబొనైట్: 19
2. యాక్రిలిక్, మామూలు ప్లాస్టిక్: 17
3. లోహం (వెండి, ఇత్తడి, స్టీలు): 7
4. సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్): 3

అన్నిటికంటే పొడుగుది 152 మి.మీ. లావు కొలిచేటప్పుడు బ్యారెల్ (పెన్ను గొట్టం) కొలవకండి, క్యాప్ దగ్గర క్లిప్పుతో కలిపి కొలవండి. నా దగ్గర బ్యారెల్ 14 మి.మీ. ఉన్న పెన్ను కూడా క్లిప్పుతో 17 దాటింది. అన్నిటికంటే లావుది 18.4. ఈ 18.4 అనే అంకె తర్వాత నన్ను బాగా ఏడిపించింది.

ఎబొనైట్ వాటా ఇంత ఎక్కువ ఎందుకంటే ఊరు అలాంటిది. కోటగుమ్మం దగ్గర రత్నం పెన్నులు 1932 నుంచీ తయారవుతున్నాయి. గాంధీగారు 1935లో వార్ధా నుంచి ఆ పెన్ను బాగుందని ఉత్తరం రాశారు. గైడర్ పెన్నుల కంపెనీ కూడా ఇక్కడిదే. లేత్ మీద ఎబొనైట్ కడ్డీ తిరుగుతుంటే వచ్చే కాలిన రబ్బరు వాసన తెలిసినవాళ్ళకి ఆ పెన్ను దేనితో చేశారో వేరే చెప్పనక్కర్లేదు. రబ్బరులో దాదాపు మూడో వంతు గంధకం కలిపి ఉడికించినదే ఎబొనైట్.

ఇప్పటిదాకా: రూ. 0

దశ 1 (ఫిబ్రవరి, మార్చి): కొన్న పెట్టె

ఆన్‌లైన్‌లో 24 గాళ్ళ పెట్టె ఒకటి తీసుకున్నాను. పైన గాజు మూత, బయట తోలులాంటి రెక్సిన్, లోపల నల్ల వెల్వెట్. ఫొటోలో నగల షాపు అద్దాల బీరువాలా ఉంది. రూ. 1,150.

వచ్చాక చూస్తే:

1. గాడి వెడల్పు 17 మి.మీ. అమ్మకం పేజీలో పెట్టె బయటి కొలతలు మూడూ ఉన్నాయి, గాడి వెడల్పు మాత్రం లేదు. 24 గాళ్ళలో పక్కపక్కన పట్టినవి 15 పెన్నులు.
2. మూత తీయగానే ముక్కు అదిరే జిగురు వాసన.
3. వెల్వెట్ కింద పసుపు స్పాంజి. వేలితో నొక్కితే ఒక మూల అప్పటికే పిండిలా రాలింది.

వాసన పోతుందేమోనని మూత తీసి ఫ్యాన్ కింద పెట్టాను. వాసన పోలేదు, వాపసు గడువు 10 రోజులు మాత్రం పోయాయి. కొత్త పెట్టెకి గాలి పోయిస్తూ కూర్చుంటే డబ్బులు వెనక్కి రావు. వాసన వస్తే అదే రోజు తిప్పి పంపేయండి.

ఆ స్పాంజి గురించి ఒక మాట. పాత కెమెరా సంచులు, హెడ్‌ఫోన్ దిండ్లు కొన్నేళ్ళకి జిగటగా, పొడిపొడిగా అయిపోవడం చూసే ఉంటారు. అది పాలీయూరిథేన్ ఫోమ్ పని. చెమ్మకి, గాలికి తనంతట తనే చివికిపోతుంది. ఈ పెట్టెలో ఉన్నదీ అదే రకంలా ఉంది.

ఇప్పటిదాకా: రూ. 1,150

దశ 2 (మార్చి నుంచి మే): సీసాల పరీక్ష

పెట్టె మానేసి, పెట్టెలో వాడే సరుకుని పరీక్షిద్దామనుకున్నాను. దీనికి మ్యూజియం వాళ్ళ పద్ధతి ఒకటుంది. 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ మొదలుపెట్టింది. ఒక సీసాలో పరీక్షించాల్సిన సరుకు, కాస్త నీళ్ళు, వెండి, సీసం, రాగి ముక్కలు పెట్టి బిగించి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. వెండి నల్లబడితే గంధకం ఆవిరి వస్తున్నట్టు, సీసం మీద తెల్లటి పొడి పూస్తే ఆమ్లాల ఆవిరి వస్తున్నట్టు.

నాకు ఓవెన్ లేదు, డాబా ఉంది. మార్చి ఎండ ఉంది.

1. ఖాళీ అయిన ఆవకాయ సీసాలు ఆరు. కారం వాసన పూర్తిగా పోయేదాకా కడిగి ఎండబెట్టాను. రెండు సీసాలకి వాసన పోనే లేదు, అవి పక్కన పెట్టి జామ్ సీసాలు తెచ్చాను.
2. వెండి: తెగిపోయిన పట్టీల గజ్జెలు. విభూతితో తళతళలాడేలా తోమాను.
3. సీసం: చేపల వలకి కట్టే గుండ్లు. కొత్త మెరుపు వచ్చేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఆ పొడి నోట్లోకి వెళ్ళకూడదు.
4. ప్రతి సీసాలో తడి దూది చిన్న ఉండ. లోహం దూదికి తగలకుండా దారంతో మూతకి వేలాడదీశాను.
5. సీసాలని నల్ల గుడ్డ కప్పిన రేకు మీద డాబా పైన పెట్టాను. మధ్యాహ్నం లోపల 50 డిగ్రీల పైన, రాత్రి మామూలు వేడి. అంటే మ్యూజియం పరీక్ష అంత గట్టిది కాదు. సీసాకీ సీసాకీ పోల్చుకోవడానికి చాలు.

ఏ సీసాలో ఏముంది, 28 రోజులకి ఏమైంది:

సీసా 1, ఏమీ లేదు, దూది మాత్రమే. గజ్జె అలాగే ఉంది. సీసం కాస్త మసకబారింది.

సీసా 2, కొన్న పెట్టెలో కోసిన వెల్వెట్, స్పాంజి ముక్క. గజ్జె అంచుల్లో పసుపు, మధ్యలో గోధుమ రంగు. సీసం మీద తెల్ల చుక్కలు.

సీసా 3, ఎబొనైట్ పొట్టు. లేత్ దగ్గర రాలిన పొట్టు గుప్పెడు అడిగి తెచ్చుకున్నాను. తొమ్మిదో రోజుకే గజ్జె ముదురు గోధుమ, 28వ రోజుకి పెనం అడుగంత నలుపు.

సీసా 4, కొత్త ప్లైవుడ్ ముక్క. గజ్జె బాగుంది. సీసం మీద సుద్ద రాసినట్టు తెల్లగా పూసింది.

సీసా 5, అదే ప్లైవుడ్‌కి మూడు పూతలు స్పిరిట్ పాలిష్ (స్పిరిట్‌లో కలిపిన లక్క) వేసి, వారం ఆరబెట్టింది. సీసం మీద తెలుపు ఉంది, కానీ నాలుగో సీసాలో దాంట్లో పావు వంతు కూడా లేదు.

సీసా 6, రెండుసార్లు ఉడకబెట్టి ఉతికిన కోరా గుడ్డ. ఒకటో సీసాకీ దీనికీ తేడా కనిపెట్టలేకపోయాను.

మూడో సీసా చూశాక ప్రాజెక్టు మొత్తం తిరగేశాను. అప్పటిదాకా పెట్టె పెన్నుకి ఏం చేస్తుందా అని చూస్తున్నాను. పెన్నే పక్క పెన్నుకి చెయ్యగలదని అనుకోలేదు. నా వెండి పెన్ను మూడేళ్ళుగా రెండు ఎబొనైట్ పెన్నుల మధ్య పడుకుని, ఎన్నిసార్లు తోమినా రెండు నెలలకే నల్లబడేది. ఊరి చెమ్మని తిట్టుకున్నాను ఇన్నాళ్ళూ. చెమ్మ తోడైంది నిజమే, అసలు దొంగ మాత్రం పక్కింట్లోనే ఉన్నాడు.

అందుకని "అన్నిటికీ ఒకే అందమైన పెట్టె" ఆలోచన ఇక్కడితో రద్దు. మూడు రకాల గూళ్ళు కావాలి:

1. ఎబొనైట్‌కి వేరుగా, వెలుతురు పడకుండా. ఎండ తగిలితే నల్ల ఎబొనైట్ ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకి తిరుగుతుంది. గాజు మూత పెట్టె దీనికి ఎలాగూ పనికిరాదు.
2. వెండికీ మిగతా లోహానికీ గాలి చొరబడని డబ్బా.
3. సెల్యులాయిడ్‌కి గాలి ఆడే చోటు. ఇందులో కర్పూరం ఉంటుంది, బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే తెలుస్తుంది. బిగించి పెడితే దాని ఆవిరే దాన్ని తినేస్తుంది. నిప్పంటుకుంటే భగ్గుమంటుంది కూడా, దేవుడి గూటికి దూరంగా ఉంచండి.

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు కొన్నాను, రూ. 320. సీసాలకి ఖర్చు లేదు, అడిగినవాళ్ళకి కొత్త ఆవకాయ ఎందులో పెట్టాలో చెప్పుకోవాల్సి రావడం తప్ప.

ఇప్పటిదాకా: రూ. 1,470

దశ 3 (ఏప్రిల్, మే): చవక దారులు

సీసాలు ఎండలో ఉండగానే బజారు తిరిగాను.

నగల షాపుల సామాను అమ్మే చోట గొలుసుల ట్రే, రూ. 140. గాళ్ళు బాగానే ఉన్నాయి, 22 మి.మీ. కానీ నీలం నూగు గుడ్డ. తడి తెల్ల రుమాలుతో రుద్దితే రుమాలు నీలమైంది. తెల్ల యాక్రిలిక్ పెన్ను మీద ఆ రంగు దిగితే వదలదు. తీసి పక్కన పెట్టాను. కొనకముందే రుమాలు పరీక్ష చెయ్యొచ్చు, షాపువాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాను. మొహమాటం ఖరీదు 140.

పెళ్ళిళ్ళలో జీడిపప్పు, బాదంపప్పు పెట్టిచ్చే పెట్టెలు ఇంట్లో మూడున్నాయి. చెక్కపొడితో చేసిన అట్ట మీద బంగారు గుడ్డ అంటించినవి. సీసా 4 చూశాక వాటి జోలికి పోలేదు.

స్టీలు సామాన్ల కొట్లో దొరికే పాలీప్రొపిలీన్ డబ్బాలు, నాలుగు వైపులా క్లిప్పులు, మూతకి సిలికాన్ రబ్బరు. అడుగున త్రిభుజంలో 5 అంకె ఉందో లేదో చూసుకోండి, అదే గుర్తు. పీవీసీ అయితే 3 ఉంటుంది, అది వద్దు. బల్లపరుపుగా ఉన్నవి రెండు, ఒక్కోటి రూ. 180. అందం ఏమీ లేదు, ఫ్రిజ్‌లో కొత్తిమీర పెట్టుకునే డబ్బాలే. ఈ ప్రాజెక్టులో మారు మాట లేకుండా పనిచేసినవి ఇవే.

మే నెలలో ఒక ప్రమాదం. సిరా నింపిన ఎబొనైట్ పెన్ను ఒకటి నగల ట్రేలో పడుకోబెట్టి మర్చిపోయాను. డ్రాపర్‌తో బ్యారెల్‌లోకి నేరుగా పోసే రకం. సగం ఖాళీ అయిన బ్యారెల్‌లో గాలి ఉంటుంది, ఆ రోజు గదిలో 39 డిగ్రీలు. గాలి వ్యాకోచించి సిరాని పాళీలోంచి క్యాప్‌లోకి, క్యాప్‌లోంచి ట్రేలోకి తోసేసింది. అప్పటి నుంచి రూలు:

1. సిరా ఉన్న పెన్ను పెట్టెలోకి రాదు. పాళీ పైకి ఉండేలా గ్లాసులో నిలబడాలి.
2. పెట్టెలోకి వెళ్ళేముందు కడిగి, పాళీ కిందికి పెట్టి దూది మీద ఒక రాత్రి, విప్పి ఇంకో రాత్రి.
3. ఎబొనైట్‌ని నీళ్ళలో నానబెట్టకూడదు, పాళీ భాగం వరకే కడగాలి. నానితే రంగు దిగిపోతుంది.

ఈ దశలో ఖర్చు రూ. 500.
ఇప్పటిదాకా: రూ. 1,970

దశ 4 (జూన్): వడ్రంగి, ఆరు నూళ్ళు

ఎబొనైట్‌కీ, ప్లాస్టిక్‌లో మంచివాటికీ చెక్క ట్రేలు చేయిద్దామనుకున్నాను. ఒకదాని మీద ఒకటి కూర్చునే మూడు ట్రేలు, పైన మూత. ట్రేకి 12 గాళ్ళు, మొత్తం 36.

పాత కలప అడితిలో ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన తలుపు టేకు ముక్కలు రూ. 450కి దొరికాయి. పాత టేకు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, వంకర పోదు. అడుక్కి, అడ్డపట్టీలకి 3 మి.మీ. ప్లై రూ. 200. వడ్రంగి మేస్త్రికి ఒక రోజు కూలి రూ. 900.

కాగితం మీద గీసి ఇచ్చాను: లోపలి పొడవు 165 మి.మీ., గాడి వెడల్పు 20 మి.మీ. మేస్త్రి తల ఊపారు. నేను ఆఫీసుకి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి మూడు ట్రేలూ తయారు. మూలలు చూస్తే ముచ్చటేసింది, మూలమట్టం పెడితే వెంట్రుక దూరే సందు లేదు. పక్క చెక్కల్లో గాడి తీసి, అడ్డపట్టీలు అందులోకి దించారు.

మర్నాడు గుడ్డ పరిచి పెన్నులు పెట్టడం మొదలుపెట్టాను. ఎబొనైట్‌వి 19లో 11 దిగలేదు.

వెర్నియర్ పెడితే గాడి 19.05. ఫోన్ చేశాను.

"మేస్త్రి గారూ, ఇరవై మిల్లీలు అన్నాను కదండీ?"

"ఇరవై అంటే ముప్పావు అంగుళమే కదండీ, ఆరు నూళ్ళు. ఆరే పెట్టానండి, అర నూలు కూడా తేడా ఉండదు."

ఆయన ఆరు నూళ్ళు పెట్టానన్నారు, సరిగ్గా ఆరు నూళ్ళే పెట్టారు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు. ఒక నూలు అంటే 3.175 మి.మీ., ఆరు నూళ్ళు 19.05. రెండు వైపులా గుడ్డ మందం కలిపి 1.2 పోతే మిగిలింది 17.85. నా లావు పెన్ను 18.4. ఒక మిల్లీమీటరులో సగం కోసం ట్రేలు మూడూ వృథా.

తప్పు నాదే, రెండు చోట్ల. ఒకటి, ఆయన లెక్కపెట్టే కొలతలో నేను చెప్పలేదు. ఏడు నూళ్ళు అని ఉంటే 22.2 వచ్చేది, గుడ్డ పోను కూడా హాయిగా పట్టేది. రెండు, ముందు ఒక్క గాడి చేయించి, గుడ్డ వేసి, లావు పెన్ను పెట్టి చూడాలి. ఆ తర్వాతే మిగతా 35.

ఈ దశలో ఖర్చు రూ. 1,550.
ఇప్పటిదాకా: రూ. 3,520. అనుకున్నది దాటేశాను.

దశ 5 (జూన్, జులై): దువ్వెన పట్టీలు

మళ్ళీ కూలి ఇచ్చే ఉద్దేశం లేదు. ఇబ్బందల్లా ఒక్కటే: అడ్డపట్టీలు తీసి దూరం జరుపుదామంటే పక్క చెక్కల్లో గాళ్ళు పాత చోటే ఉన్నాయి.

ట్రే లోపలి వెడల్పు 262 మి.మీ. పది గాళ్ళు చేస్తే మధ్యలో 9 అడ్డపట్టీలు, 27 మి.మీ. అవి పోను 235, గాడికి 23.5. ట్రేకి రెండు గాళ్ళు తగ్గుతాయి, సరే.

1. మిగిలిన 3 మి.మీ. ప్లైలో 262 పొడవు, 25 ఎత్తు ఉన్న పట్టీలు ఆరు కోశాను. ట్రే ముందు గోడకి ఒకటి, వెనక గోడకి ఒకటి.
2. పట్టీ పై అంచు నుంచి 18 మి.మీ. లోతు, 3.2 వెడల్పు గంట్లు తొమ్మిది, ప్రతి 26.5 మి.మీ.కి ఒకటి. చూడ్డానికి దువ్వెనలా ఉంటుంది.
3. గంట్లకి ఫ్రెట్ రంపం, రూ. 130.
4. అడ్డపట్టీలు 33 ఉన్నాయి, 27 చాలు. పాత గాడిలోకి వెళ్ళిన భాగం రెండు చివరలా 3 మి.మీ. చొప్పున కోసేసి, కింది వైపు గంటు పెట్టి దువ్వెనల్లోకి దించాను.

మొదటి జత విడివిడిగా గీసి, విడివిడిగా కోశాను. ముందుదానికీ వెనకదానికీ నాలుగో గంటు దగ్గర 1 మి.మీ., తొమ్మిదో గంటుకి వచ్చేసరికి 2.5 తేడా. అడ్డపట్టీలు వంకరగా కూర్చున్నాయి. రెండూ పారేసి, వాటి బదులు కొత్తవి తీసుకుని, ఆరు పట్టీలూ ఒక కట్టగా పేర్చి, రెండు చివరలా క్లాంపు బిగించి ఒకేసారి కోశాను. 54 గంట్ల పని తొమ్మిది కోతలతో అయిపోయింది. కోత కాస్త అటూ ఇటూ అయినా ఆరింటికీ ఒకేలా అవుతుంది కాబట్టి అడ్డపట్టీలు తిన్నగా ఉంటాయి.

నిజం చెప్పాలంటే మొదటి డిజైన్ కంటే ఇదే మేలు. జిగురు లేదు, మేకు లేదు, మొత్తం ఊడదీసి దులుపుకోవచ్చు. ముందే ఇలా అనుకుని ఉంటే మేస్త్రితో గాళ్ళ మాటే ఎత్తేవాణ్ణి కాదు.

చెక్కకంతా స్పిరిట్ పాలిష్ మూడు పూతలు, లక్క, స్పిరిట్ కలిపి రూ. 110. పూతకీ పూతకీ మధ్య ఒక రోజు, చివరి పూత తర్వాత మూడు వారాలు మేడ మీద గదిలో ఆరబెట్టాను. ముక్కు ట్రేలో పెట్టి పీలిస్తే ఏ వాసనా రానప్పుడు లోపలికి తెచ్చాను.

గుడ్డ కోరా, రెండు మీటర్లు రూ. 140. కొత్త కోరాలో గంజి ఉంటుంది. గంజికి పుస్తకాల్లో తిరిగే వెండి రంగు పురుగులు వస్తాయి. రెండుసార్లు ఉడకబెట్టాను, మొదటిసారి నీళ్ళు టీ రంగులో దిగాయి. అంటించలేదు, గాళ్ళ మీద వదులుగా పరిచి వేలితో లోపలికి నొక్కాను.

పురుగుల భయంతోనే ఇంకో వెధవ పని చేశాను. ప్లాస్టిక్ పెన్నుల డబ్బాలో రెండు కలరా ఉండలు వేశాను. 11 రోజుల తర్వాత తెరిస్తే పది రూపాయల పారదర్శకం పెన్ను ఒకటి పొగ పట్టినట్టు మసకబారి, గుడ్డ నేత గుర్తులు ఒంటి మీద అచ్చు దిగి, జిగటగా ఉంది. నాఫ్తలీన్ ఆవిరికి పాలీస్టైరీన్ మెత్తబడుతుంది. పోయింది పది రూపాయల పెన్ను కాబట్టి ఇక్కడ నవ్వుతూ రాస్తున్నాను. పెన్నుల దగ్గర కలరా ఉండలు వద్దు.

ఈ దశలో ఖర్చు రూ. 380.
ఇప్పటిదాకా: రూ. 3,900

దశ 6 (ఆగస్టు, సెప్టెంబరు): చెమ్మ

రంగు మారే సిలికా జెల్, అర కిలో రూ. 160. నారింజ నుంచి ఆకుపచ్చకి మారే రకం తీసుకున్నాను. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, అది వద్దనుకున్నాను.

ఆగస్టు రెండో వారం మీటరు చెప్పినవి:

గదిలో 84 శాతం.
ట్రేలో, జెల్ లేకుండా: 77.
ట్రేలో, జెల్ 50 గ్రాములతో: మొదటి రోజు 63, నాలుగో రోజు 76. జెల్ మొత్తం ఆకుపచ్చ.
పాలీప్రొపిలీన్ డబ్బాలో, జెల్ 50 గ్రాములతో: మొదటి రోజు 46, ఇరవయ్యో రోజు 44.

ట్రేల్లో జెల్ వెయ్యడం దండగ. సందులున్న చెక్క పెట్టెలో జెల్ పెడితే అది గోదావరి జిల్లా గాలినంతా ఆరబెట్టాలని చూస్తుంది. జెల్ మొత్తం డబ్బాలకే మార్చాను. ట్రేలని బయటి గోడకి ఆనుకున్న అల్మారాలోంచి తీసి, ఇంటి మధ్య గదిలో స్టీలు బీరువా పై అరలో పెట్టాను. అక్కడ ఏ జెల్ లేకుండానే 66. బూజు జాడ లేదు.

ఆకుపచ్చ అయిన జెల్‌ని పాత పెనం మీద సన్నసెగని అరగంట, మధ్యమధ్య కదుపుతూ వేయిస్తే మళ్ళీ నారింజ రంగుకి వస్తుంది. ఆ పెనం మళ్ళీ దోసెలకి వాడకండి.

ఇప్పటిదాకా: రూ. 4,060

సర్దుబాటు, సెప్టెంబరు చివరికి

ట్రే 1, ట్రే 2: ఎబొనైట్ 18 (మిగిలిన ఒకదాని సంగతి చివర్లో). రెండు గాళ్ళు ఖాళీ.
ట్రే 3: యాక్రిలిక్ 10.
డబ్బా 1: లోహం 7, జెల్‌తో. వెండి పెన్ను తోమి పది వారాలైంది, ఇంకా తెల్లగానే ఉంది.
డబ్బా 2: ప్లాస్టిక్ 7, మసకబారినదానితో కలిపి.
సెల్యులాయిడ్ 3: ఇంట్లో ఉన్న తాటాకు పెట్టెలో, కోరా గుడ్డ మీద. గాలి ఆడుతుంది, ఖర్చు లేదు.

పెన్నుకి పడింది రూ. 88.26. గాజు మూత పెట్టె, నీలం ట్రే తీసేస్తే రూ. 2,770, అంటే పెన్నుకి రూ. 60.22. దశ 1నీ, నీలం ట్రేనీ వదిలేసి దశ 2 నుంచి మొదలుపెట్టేవాళ్ళకి అయ్యేది ఈ రెండో అంకె.

గాజు మూత పెట్టెలో ఇప్పుడు మా ఆవిడ గాజులు ఉన్నాయి. వెండివి పెట్టొద్దని చెప్పాను.

తేలనిది ఒక్కటే మిగిలింది. ఆ 19లో ఒక ఎబొనైట్ పెన్నుకి క్యాప్ మీద వెండి పట్టీ ఉంది. దాన్ని డబ్బా 1లో పెడితే మిగతా వెండి నల్లబడుతుంది, ట్రేలో పెడితే దాని పట్టీ నల్లబడుతుంది, ఎక్కడ పెట్టినా అది తన ఒంటి ఆవిరి తనే పీలుస్తుంది. ప్రస్తుతానికి సిరా నింపి రోజూ రాస్తున్నాను, బల్ల మీద గ్లాసులో నిలబడి ఉంది.